నల్లకుంట ఇల్లు, న్యూజెర్సీ ఇల్లు: అమ్మే తేదీ, వచ్చే తేదీ

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇది. మీరూ మీవారూ పద్నాలుగేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నారు. 2020 జూన్‌లో గ్రీన్‌కార్డులు వచ్చాయి, పౌరసత్వం ఇంకా ఇండియాదే. మీ నాన్నగారు 2022 నవంబరులో పోయారు. ఆయన 1986లో నల్లకుంటలో కొన్న 200 గజాల స్థలం, 1992లో కట్టిన ఇల్లు ఇప్పుడు అమ్మగారికి, చెల్లెలికి, మీకు సమానంగా వచ్చాయి. 2 కోట్ల 40 లక్షలకు కొనడానికి ఒకరు సిద్ధంగా ఉన్నారు. కొండాపూర్‌లో మీకు సొంత ఫ్లాటు ఉంది, నెలకు 38 వేల అద్దె అమ్మగారి ఖాతాలో పడుతోంది. 2026లో పిల్లలతో సహా హైదరాబాద్ వచ్చేయాలనుకుంటున్నారు. అక్కడి ఇంటిని ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. "మొత్తం మీద పన్ను ఎంత పడుతుంది?" అని అడిగారు.

హిమాయత్‌నగర్‌లో ఇరవై ఏడేళ్లుగా ఈ లెక్కలే చూస్తున్నాను. వచ్చినవాళ్లందరూ "ఎంత" అనే అడుగుతారు. "ఎప్పుడు" అని అడిగేవాళ్లు అరుదు. మీ విషయంలో పన్ను శాతాల కంటే తేదీలే ఎక్కువ డబ్బు తినగలవు, లేదా మిగల్చగలవు. అందుకే జవాబు కూడా తేదీల చుట్టూనే తిరుగుతుంది. నేను చెప్పేవి 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కలు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వస్తోంది. సెక్షన్ల నంబర్లు మారతాయి. ఇక్కడ మనకు కావలసిన నివాస నిబంధనలు మాత్రం మారలేదు.

ముందు నల్లకుంట ఇల్లు. అమ్మగారు, చెల్లెలు ఇక్కడి నివాసులు కాబట్టి కొనేవాళ్లు వాళ్ల వాటాల మీద ఒక శాతం టీడీఎస్ (సొమ్ము చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తే చాలు. ఒక్కొక్కరికి 80 లక్షల వాటా, అంటే 80 వేలు. మీ వాటా దగ్గరికి వచ్చేసరికి నిబంధన వేరు. మీరు నాన్‌రెసిడెంట్. మీకు చెల్లించే సొమ్ము మీద కొనేవాళ్లు 12.5 శాతం, దానిమీద సర్‌ఛార్జి, సెస్సు కలిపి కోయాలి. 80 లక్షల మీద 12.5 శాతమంటే 10 లక్షలు, 10 శాతం సర్‌ఛార్జితో 11 లక్షలు, 4 శాతం సెస్సుతో 11 లక్షల 44 వేలు. మీకు లాభమెంతో లెక్కగట్టే అధికారం కొనేవాళ్లకు లేదు కాబట్టి, ఆదాయపు పన్ను అధికారి ఇచ్చిన ధ్రువపత్రం లేకపోతే మొత్తం వాటా మీదే కోస్తారు. కోయాలి కూడా.

ఇక్కడే ఎవరో ఒక బంధువు గొంతు సవరించుకుని "ఇదంతా ఎందుకమ్మా, దస్తావేజులో నల్లకుంట అడ్రసే రాయించు, ఒక శాతంతో అయిపోతుంది" అంటాడు. నాకు దగ్గరి చుట్టం ఒకాయన 2018లో అదే చేశాడు. అప్పట్లో నాన్‌రెసిడెంట్లకు రేటు 20 శాతం. కోటీ పది లక్షల ఇల్లు, టీడీఎస్ 1,10,000. అందరూ సంతోషంగా ఫొటో దిగి వెళ్లిపోయారు. రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం నా ఆఫీసుకు ఓ కుర్ర జంట వచ్చింది. పాలిథిన్ కవరులో దస్తావేజు జిరాక్సు, బ్యాంకు లోను కాగితాలు, పైన ఒక నోటీసు. ఆ అమ్మాయి చేతిలో నెలల పాప. ఇల్లు కొన్నది వీళ్లే. కోయవలసిన 26 లక్షల పైచిలుకు పన్ను కోయలేదు కాబట్టి అది మీ బాకీ, దానిమీద నెలకు ఒక శాతం వడ్డీ అని నోటీసు సారాంశం. మా చుట్టం రిటర్ను కూడా వేయలేదు. ఆయనతో అప్పటికప్పుడు రిటర్ను వేయించి, పన్ను కట్టించి, ఆ జంటను బయటపడేయడానికి పదకొండు నెలలు పట్టింది. వడ్డీ భారం మాత్రం తప్పలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పెళ్లిళ్లకు వెళితే ఆయన నా పక్క కుర్చీలో కూర్చోడు.

కాబట్టి మీ కొనుగోలుదారుతో మొదటి రోజే చెప్పండి, ముగ్గురిలో ఒకరు నాన్‌రెసిడెంట్ అని. ఆయన టాన్ (పన్ను కోసేవాళ్లకు ఇచ్చే) నంబరు తీసుకోవాలి. మీ వాటాకు కోసిన పన్నును మరుసటి నెల 7లోగా జమ చేయాలి, 27క్యూ అనే త్రైమాసిక రిటర్ను వేయాలి. మిగతా ఇద్దరి వాటాలకు 26క్యూబీ అనే ఫారం. కొందరు మొత్తాన్నీ 26క్యూబీలో కట్టేసి చేతులు దులుపుకుంటారు. తర్వాత దాన్ని సరిచేయడం నరకం.

ఇప్పుడు మీకు వచ్చిన అసలు లాభం ఎంత? తండ్రి ఆస్తి వారసత్వంగా వస్తే ఇండియా చట్టం మీ నాన్నగారి ఖర్చునే మీ ఖర్చుగా చూస్తుంది. 2001కి ముందు కొన్నది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. ఆ విలువ ఆనాటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువను మించకూడదు. ఉదాహరణకు రిజిస్టర్డ్ వాల్యుయర్ ఇంటి మొత్తానికి 18 లక్షలు తేల్చాడనుకుందాం. మీ మూడో వంతు 6 లక్షలు. 80 లోంచి 6 తీస్తే 74 లక్షల దీర్ఘకాల మూలధన లాభం. పన్ను 9.25 లక్షలు, సర్‌ఛార్జి, సెస్సుతో కలిపి 10 లక్షల 58 వేలు.

2024 జులై 23 తర్వాత ఎన్నారైలకు ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు పాత ఖర్చును పెంచి లెక్కించడం) తీసేశారు, నివాసులకు మాత్రం పాత ఆస్తుల మీద ఇండెక్సేషన్‌తో 20 శాతమా, అది లేకుండా 12.5 శాతమా అన్న ఎంపిక ఉంచారు, ఇది అన్యాయం కాదా అని రాశారు. సూత్రప్రాయంగా మీ మాట కొట్టిపారేయలేను. కానీ మీ ఇంటి లెక్క వేసి చూడండి. 2001-02 ధరల సూచిక 100 అయితే 2025-26 సూచిక 376. ఆరు లక్షలను 3.76తో హెచ్చవేస్తే 22.56 లక్షలు. లాభం 57.44 లక్షలు, దానిమీద 20 శాతం అంటే దాదాపు 11.49 లక్షలు. ఇండెక్సేషన్ లేని 12.5 శాతం 9.25 లక్షలే. అంటే ఎంపిక ఉన్న మీ చెల్లెలు కూడా మీ దారిలోనే రావాలి. 2001 విలువకు అమ్మకం ధర సుమారు ఎనిమిదిన్నర రెట్లు దాటితే 12.5 శాతమే చవక. హైదరాబాద్‌లో సొంత స్థలంలో ఉన్న పాత ఇళ్లు చాలావరకు ఆ గీత ఎప్పుడో దాటేశాయి. 2012లో కొన్న అపార్టుమెంటు ఫ్లాటుకైతే ఈ మాట వర్తించదు. మీ కొండాపూర్ ఫ్లాటును ఎన్నారైగా ఉండగానే అమ్మితే ఆ నొప్పి తెలుస్తుంది.

పన్ను తగ్గించుకునే దారులు రెండు. మీరు ఎలాగూ ఇక్కడికి వచ్చి ఇల్లు కొనుక్కోవాలనుకుంటే, అమ్మిన రెండేళ్లలో కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా, పెట్టినంత లాభానికి మినహాయింపు ఉంది. రిటర్ను గడువులోగా కొనలేకపోతే ఆ సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ప్రత్యేక ఖాతాలో వేయాలి, మామూలు పొదుపు ఖాతాలో ఉంచితే చెల్లదు. ఇల్లు అక్కరలేదంటే ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ వంటి సంస్థల 54ఈసీ బాండ్లలో 50 లక్షల దాకా పెట్టవచ్చు. అయిదేళ్లు కదిలించలేరు. అప్పుడు పన్ను పడేది 24 లక్షల మీదే. మొత్తం ఆదాయం 50 లక్షల లోపు ఉంటుంది కాబట్టి సర్‌ఛార్జి కూడా పోతుంది. 3 లక్షల 12 వేలతో సరి.

టీడీఎస్ తగ్గించుకునే ధ్రువపత్రం గురించి. ఆదాయపు పన్ను శాఖ వారి ట్రేసెస్ పోర్టల్‌లో ఫారం 13 వేయాలి. ఆ పత్రం కొనేవాళ్ల టాన్ నంబరుతో ముడిపడి వస్తుంది, కాబట్టి కొనేవాళ్లు ఖాయం కాకుండా దరఖాస్తు పెట్టలేరు. మరోవైపు బయానాగా ఇచ్చే సొమ్ము మీద కూడా టీడీఎస్ కోయాలి. అందుకని నేను చెప్పే వరుస ఇది: చిన్న బయానాతో అగ్రిమెంటు, టాన్, దరఖాస్తు, ధ్రువపత్రం, ఆ తర్వాతే పెద్ద మొత్తం. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చని అగ్రిమెంటులోనే రాయించండి. ఇంకొక మెలిక. మీరు ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల్లో తీసుకున్న పాన్ ఇప్పటికీ మామూలు వార్డులోనే ఉండి ఉంటుంది. దాన్ని అంతర్జాతీయ పన్నుల విభాగానికి మార్పించాలి. ఈ బదిలీయే ఒక్కోసారి నెల తింటుంది. కొనేవాళ్లు ఉన్నా లేకపోయినా ఈ పని ఈ వారమే మొదలుపెట్టవచ్చు. ఇక రాబోయే రోజుల్లో పెట్టబోయే బాండ్లను చూసి అధికారి తక్కువ కోతకు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే రిటర్ను వేసి రీఫండ్ తెచ్చుకోవడమే.

కొనేవాళ్లు "కొంత నగదుగా ఇస్తాం" అంటే మర్యాదగా తలుపు చూపించండి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పోవచ్చు. పైగా ఆ నగదు అమెరికాకు ఏ దారినా వెళ్లదు. బ్యాంకు ద్వారా వచ్చి మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) పడిన సొమ్మే 15సీఏ, 15సీబీ అనే పన్ను పత్రాలతో బయటికి వెళుతుంది, ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా.

ఇప్పుడు ఇదే ఇంటిని అమెరికా వైపు నుంచి చూడండి. చాలామంది అక్కడి అకౌంటెంట్లకు ఇండియా లెక్క కాగితం పంపేసి ఊరుకుంటారు. అది పొరపాటు. వారసత్వంగా వచ్చిన ఆస్తికి అమెరికా తీసుకునే ఖర్చు మీ నాన్నగారు పోయిన రోజు నాటి మార్కెట్ విలువ. 2022 నవంబరులో ఇల్లు 2 కోట్ల 10 లక్షలు చేసేదనుకుంటే మీ వాటా 70 లక్షలు. అమెరికా దృష్టిలో మీ లాభం 10 లక్షలే, ఇండియా దృష్టిలో 74 లక్షలు. ఇంటి ధర మారలేదు, అమ్మింది మీరే, కొలతబద్దలు మాత్రం రెండు. ఆ 10 లక్షల మీద అక్కడ పడే పన్నుకు ఇక్కడ కట్టినది ఫారం 1116 ద్వారా జమ అవుతుంది, బాండ్లు కొన్న తర్వాత మిగిలే మూడు లక్షలు కూడా దానికి సరిపోవచ్చు. అందువల్ల "ఇండియాలో పన్ను తగ్గించుకుంటే ఆ తేడా అమెరికాకు పోతుంది కదా" అన్న మీ మీమాంస ఈ ఇంటి విషయంలో అక్కరలేదు. కొండాపూర్ ఫ్లాటు విషయంలో అది నిజమే, ఎందుకంటే అది మీరు కొన్నది.

అందుకే వాల్యుయర్‌తో ఒకేసారి రెండు నివేదికలు రాయించండి: 2001 ఏప్రిల్ 1 నాటిది ఒకటి, నాన్నగారు పోయిన నాటిది మరొకటి. మూడేళ్ల కిందట ఆ వీధిలో ఏ ఇల్లు ఎంతకు పోయిందో ఇప్పుడైతే చెప్పేవాళ్లు ఉన్నారు. ఇల్లు అమ్మాక, కొన్నవాళ్లు కూల్చి అయిదంతస్తులు లేపాక, వాల్యుయర్‌ను తీసుకెళ్లి చూపించడానికి ఏమీ ఉండదు.

ఒక ఫారం గురించి మీరు అడగలేదు, నేను అడుగుతాను. ఇంటి వాటాతోపాటు నాన్నగారి డిపాజిట్లలో మీకు 20 లక్షలు వచ్చాయని రాశారు. 70, 20 కలిపి 90 లక్షలు, అప్పటి మారకం ప్రకారం లక్ష డాలర్లు దాటుతుంది. విదేశీయుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి వారసత్వం వస్తే అమెరికాలో ఫారం 3520 వేయాలి. పన్నేమీ ఉండదు, సమాచారం మాత్రమే. వేయకపోతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా వేసే అధికారం ఉంది. ఆలస్యంగా వేసినా, కారణం వివరిస్తూ ఉత్తరం జతపరిస్తే 2024 చివరి నుంచి జరిమానా దానంతటదే పడకుండా ముందు ఆ ఉత్తరం చదువుతున్నారు. వాళ్లు అడగకముందే వేయండి. అలాగే అమ్మగారి ఖాతాలో మీ పేరు కలిపి ఉంటే, అందులో పైసా మీది కాకపోయినా, ఎఫ్‌బార్‌లో (విదేశీ ఖాతాల గురించి అమెరికాకు ఇచ్చే నివేదిక) ఆ ఖాతా పూర్తి నిల్వ చూపించాలి. అన్ని విదేశీ ఖాతాలు కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు పదివేల డాలర్లు దాటినా అది వేయాల్సిందే.

కొండాపూర్ అద్దె. అమ్మగారి ఖాతాలో వేయిస్తే ఆమె ఆదాయమవుతుందనుకున్నారు. కాదు. ఫ్లాటు మీ పేరున ఉన్నంతకాలం అద్దె మీదే. చెట్టు మీ పెరట్లో ఉంచుకుని కాయలు మాత్రం ఆవిడవంటే చట్టం ఒప్పుకోదు. అమ్మకు ఇవ్వాలనుకుంటే మీ ఖాతాలో వేసుకుని, తర్వాత ఇవ్వండి, ఎవరూ అడగరు. అద్దెకుండేవాళ్లు మీకిచ్చే అద్దెలో 31.2 శాతం టీడీఎస్ కోయాలి, దీనికి కనీస పరిమితి కూడా లేదు. ఆ కుర్రాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు, అయినా బాధ్యత వాళ్లదే. అందుకే మంచి అద్దెదారులు ఎన్నారై ఇళ్లంటే జంకుతున్నారు. అద్దెలో 30 శాతం మరమ్మతుల కింద తీసేశాక మిగిలినదానికే పన్ను కాబట్టి కోత చాలా భాగం రిటర్నులో తిరిగొస్తుంది. అమెరికాలో కూడా ఈ అద్దె చూపించాలి, తరుగుదల లెక్క తీసుకోవాలి. తీసుకోకపోయినా తీసుకున్నట్లే భావించి అమ్మేటప్పుడు వసూలు చేస్తారు. ఇన్నేళ్లూ చూపించలేదని మీరు రాసిన వాక్యం నన్ను ఇంటి అమ్మకం కంటే ఎక్కువ కలవరపెట్టింది. పాత రిటర్నుల సవరణకు అక్కడి మంచి సలహాదారును వెంటనే కలవండి.

ఇక వచ్చే తేదీ. దీనిమీదే మీరు ఒక వాక్యంలో "ఆగస్టులో స్కూళ్లు చూసుకుని" అని రాశారు. కాస్త ఆగండి.

ఇండియాలో ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఉంటే నివాసి. రెండో పరీక్ష ఉంది: 60 రోజులు, దాంతోపాటు గడచిన నాలుగేళ్లలో 365 రోజులు. ఎన్నారైలు సెలవుల్లో వస్తే ఆ 60 రోజుల గీత సడలుతుంది కానీ, శాశ్వతంగా వచ్చేవారు సెలవులకు వచ్చినట్లు కాదు. అదృష్టవశాత్తు మీరు ఏడాదికి నెల మించి రాలేదు, నాలుగేళ్లకు 120 రోజులే. కాబట్టి మీకు 182 ఒక్కటే గీత.

క్యాలెండరు తీయండి. 2026 అక్టోబరు 1 నుంచి 2027 మార్చి 31 వరకు లెక్కపెడితే సరిగ్గా 182 రోజులు. అక్టోబరు 1న దిగితే నివాసి. రెండో వారంలోనో, దసరాకు ముందో వెనకో దిగితే, అంతకుముందు ఏప్రిల్ తర్వాత ఇక్కడికి వచ్చి ఉండకపోతే, ఆ ఏడాది కూడా నాన్‌రెసిడెంటే. ఆ తర్వాత 2027-28, 2028-29 రెండేళ్లూ మీరు నివాసే అయినా సాధారణ నివాసి కారు. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్‌రెసిడెంట్‌గా ఉన్నవారికి ఇచ్చే మధ్యస్థ స్థితి అది. ఈ స్థితిలో అమెరికా వడ్డీలు, డివిడెండ్లు, అక్కడి ఇల్లు అమ్మిన లాభం ఇండియా పన్నుకు రావు. అంటే 2029 మార్చి 31 వరకు.

ఆగస్టులో వచ్చారనుకోండి. 2026-27లోనే నివాసి అయిపోతారు. 2028-29కి వచ్చేసరికి గత పదేళ్లలో ఎనిమిదేళ్లే నాన్‌రెసిడెంట్, గత ఏడేళ్లలో ఇండియాలో 729 రోజులు మించకూడదన్న రెండో దారి కూడా మూసుకుపోతుంది. మధ్యస్థ స్థితి 2028 మార్చి 31తో సరి. రెండు నెలలు ముందు రావడానికి మూల్యం ఏడాది. పిల్లల చదువు పన్ను కంటే పెద్దదని మీరంటే నేను ఒప్పుకుంటాను. అయితే పిల్లల్ని మీవారితో ముందు పంపి మీరు వెనక రావచ్చు. నివాస స్థితి ఎవరిది వారిదే, ఇంటి కంతటికీ కలిపి చూడరు. ఎక్కువ పెట్టుబడులు ఎవరి పేరున ఉన్నాయో వాళ్లు వెనక రండి.

ఒక హెచ్చరిక. కంపెనీ మిమ్మల్ని హైదరాబాద్ నుంచే పనిచేయమన్నదని రాశారు. జీతం డాలర్లలో న్యూజెర్సీ బ్యాంకులో పడుతుంది కదా, అది విదేశీ ఆదాయమే అనుకోకండి. గచ్చిబౌలిలో కూర్చుని చేసిన పనికి వచ్చిన జీతం ఇండియాలో పుట్టిన ఆదాయం. మధ్యస్థ స్థితి దానిని కాపాడదు.

బ్యాంకు ఖాతాలకు ఈ రోజుల లెక్క వర్తించదు. స్థిరపడాలని వచ్చి దిగిన రోజు నుంచే ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం మిమ్మల్ని నివాసిగా చూస్తుంది. ఎన్‌ఆర్‌ఈ ఖాతాలను (విదేశీ సంపాదన వేసుకునే ఎన్నారై ఖాతాలు) మామూలు ఖాతాలుగానో, ఆర్‌ఎఫ్‌సీ ఖాతాగానో (నివాసులు విదేశీ కరెన్సీ ఉంచుకునే ఖాతా) మార్పించాలి. అందరూ మరిచిపోయే పని ఇదే.

గ్రీన్‌కార్డులు "ఎందుకైనా మంచిదని" ఉంచుకుంటామన్నారు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం లాంటిది. కార్డు ఉన్నంతకాలం మీరు ప్రపంచంలో ఎక్కడున్నా అమెరికా దృష్టిలో పన్ను నివాసులే. అంతకంటే పెద్ద చిక్కు, పదిహేనేళ్లలో ఎనిమిది క్యాలెండరు సంవత్సరాలు కార్డు ఉంటే దీర్ఘకాల నివాసి అవుతారు. ఏడాదిలో ఒక్కరోజు ఉన్నా అది ఒక సంవత్సరమే. మీకు 2020 జూన్‌లో వచ్చింది కాబట్టి 2026 ఏడవది. 2027 జనవరి 1 తెల్లవారితే ఎనిమిదవది. ఆ తర్వాత వదులుకుంటే, నికర ఆస్తి 20 లక్షల డాలర్లు దాటినా, గత అయిదేళ్ల రిటర్నులు సక్రమమని ప్రమాణం చేయలేకపోయినా, ఉన్న ఆస్తులన్నీ అమ్మినట్లు ఊహించి పన్ను వేసే నిబంధన మీకు వర్తిస్తుంది. చూపించని ఆ కొండాపూర్ అద్దె ఇక్కడ మళ్లీ తలెత్తుతుంది. తిరిగి వెళ్లే ఉద్దేశం నిజంగా లేకపోతే కార్డు వదులుకునే ఐ-407 ఫారం 2026 డిసెంబరు 31 లోపు పంపండి. ఉంటే, ఆలోచించి ఉంచుకోండి. తేల్చుకోలేక ఉంచుకోవడం మాత్రం వద్దు.

అక్కడి ఇల్లు. అమ్మకానికి ముందు అయిదేళ్లలో రెండేళ్లు సొంతంగా ఉండి ఉంటే భార్యాభర్తలకు కలిపి 5 లక్షల డాలర్ల దాకా లాభానికి అమెరికాలో పన్ను లేదు. అంటే మీరు ఖాళీ చేశాక సుమారు మూడేళ్లు గడువు. కానీ ఇండియాకు ఆ మినహాయింపుతో పని లేదు. 2029 మార్చి 31 తర్వాత అమ్మితే అమెరికా వదిలేసిన లాభానికి ఇండియా పన్ను వేస్తుంది. అద్దెకిచ్చి చూద్దామనుకుంటే ఈ తేదీ గోడమీద రాసుకోండి. కార్డు వదిలేశాక అమ్మితే కొనేవాళ్లు అమ్మకం ధరలో 15 శాతం పట్టి ఉంచుతారని కూడా తెలుసుకోండి. ఇక్కడ మీరు నల్లకుంటలో చూసిన సినిమాయే, పాత్రలు తారుమారు. నన్నడిగితే వచ్చే ముందు అమ్మేయండి. ఎనిమిది వేల మైళ్ల దూరం నుంచి వాటర్ హీటర్ బాగుచేయించడంలో సుఖం లేదు.

అమెరికా షేర్లు భారీగా ఉంచుకుని ఇక్కడ స్థిరపడేవాళ్లకు మరో మాట. కార్డు వదిలి ఇక్కడే నివాసమున్న వ్యక్తి చనిపోతే, అతని అమెరికా షేర్లు, ఇళ్ల విలువ 60 వేల డాలర్లు దాటినదానికి అక్కడ ఎస్టేట్ పన్ను పడుతుంది. ఇండియాలో ఆ పన్ను 1985లోనే రద్దయింది, రెండు దేశాల మధ్య దీనికి ఒప్పందమూ లేదు. 401కే అనే అమెరికా రిటైర్మెంటు ఖాతాలకు మాత్రం ఇండియా ఒక వెసులుబాటు ఇచ్చింది, 10ఈఈ ఫారం వేస్తే సొమ్ము తీసుకున్నప్పుడే పన్ను. మామూలు నివాసి అయిన ఏడాది ఆ ఫారం మరవకండి, విదేశీ ఆస్తుల పట్టిక కూడా.

శంకర్‌పల్లి వైపు ఫామ్ ప్లాట్ల సంగతి అడిగారు. మీరు ఎన్నారైగా ఉన్నంతకాలం వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అంతే. జరిమానా పెట్టిన సొమ్ముకు మూడు రెట్ల దాకా ఉండవచ్చు. "చాలామంది కొంటున్నారండీ" అని ఏజెంటు అంటే, కొన్నవాళ్ల పట్టాదారు పాసుపుస్తకాలు చూపించమనండి.

మీ తరఫున అమ్మేందుకు చెల్లెలికి ఇచ్చే జీపీఏ (అధికార పత్రం) అక్కడి కాన్సులేటులో చేయించి పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. మీరే 2025 డిసెంబరులో వస్తే ఈ తలనొప్పి ఉండదు. ఆ రోజులు 2025-26లో పడతాయి, అక్టోబరు లెక్కకు అడ్డురావు.

ఈ ఆదివారం అమ్మగారితో మాట్లాడేటప్పుడు బీరువా కింది అర తెరవమనండి. 1986 దస్తావేజుతోపాటు 1992 మున్సిపల్ ప్లాను, ఆ తర్వాత పైన గదులేమైనా వేసి ఉంటే మేస్త్రీకి ఇచ్చిన చెక్కుల వివరాలు, బ్యాంకు పాసుపుస్తకాలు కావాలి. 2001 తర్వాత కట్టిన ప్రతి గదీ ఖర్చుగా లెక్కలోకి వస్తుంది. మా ఇళ్లలో ఇలాంటి కాగితాలు సాధారణంగా పట్టుచీరల మడతల కింద ఉంటాయి.